తిరగబెట్టే వాపు

పొద్దున లేచేసరికి పిల్లాడి కళ్లు ఉబ్బి ఉంటాయి. ఏదో పడలేదేమోనని ఎలర్జీ సిరప్ పోస్తారు. సాయంత్రానికి మొహం వాపు పాదాల్లోకి దిగుతుంది, మందు పనిచేసిందనుకుంటారు. నాలుగైదు రోజులకు మొలతాడు నడుముకు బిగుసుకుని అచ్చు పడుతుంది, పొట్ట ముందుకొస్తుంది, మూత్రం తగ్గి నురగ కడుతుంది. అప్పుడు చేయించే మూత్ర పరీక్షలో బయటపడేదే నెఫ్రోటిక్ సిండ్రోమ్. ఏటా లక్ష మంది పిల్లల్లో ఇద్దరి నుంచి ఏడుగురికి వస్తుందని అంచనా. దక్షిణాసియా పిల్లల్లో ఇంకాస్త ఎక్కువ. ఎక్కువగా రెండు నుంచి ఆరేళ్ల మధ్య కనిపిస్తుంది, అమ్మాయిలకంటే అబ్బాయిల్లో దాదాపు రెట్టింపు.

కిడ్నీ జబ్బు అనగానే తెలుగు ఇళ్లలో గుర్తొచ్చేది ఉద్దానం ప్రాంతం, ఆ వెంటనే డయాలసిస్. ఈ జబ్బు తీరు వేరు. ఉద్దానంలో పెద్దవాళ్ల కిడ్నీలు పైకి ఏమీ కనిపించకుండానే ఏళ్ల తరబడి పాడవుతాయి. ఇక్కడ వాపు భయపెట్టేలా ఉన్నా, చాలామంది పిల్లల్లో కిడ్నీ పనితీరును చెప్పే క్రియాటినిన్ సరిగ్గానే ఉంటుంది. మలినాలను తీసేసే పని ఆగదు. వడపోత పొర ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను మాత్రం పట్టి ఉంచలేక మూత్రంలోకి వదిలేస్తుంది. రక్తంలో అది తగ్గడంతో ఒళ్లంతా నీరు పడుతుంది.

యాంటీబయాటిక్స్ లేని రోజుల్లో ఈ పిల్లలు చాలామంది చనిపోయేవారు. ప్రాణం తీసింది ఎక్కువగా కిడ్నీ వైఫల్యం కాదు, ఇన్‌ఫెక్షన్. మూత్రంతోపాటు యాంటీబాడీలూ పోతాయి; పొట్టలో చేరిన నీటిలో న్యుమోకాకస్ లాంటి బాక్టీరియా పెరిగేది. పెన్సిలిన్, ఆ వెనక 1950ల్లో స్టెరాయిడ్లు వచ్చాక గానీ పరిస్థితి మారలేదు. వాపుతో ఉన్న పిల్లాడికి జ్వరం, కడుపునొప్పి కలిసి వస్తే ఈనాటికీ తెల్లారేదాకా ఆగకూడదు. న్యుమోకాకల్ టీకా వేయించమనేదీ అందుకే.

మొదటిసారి వచ్చినప్పుడు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను కిలో బరువుకు రోజుకు 2 మిల్లీగ్రాముల చొప్పున ఆరు వారాలు, ఆపైన మోతాదు తగ్గించి రోజు విడిచి రోజు మరో ఆరు వారాలు ఇస్తారు. నూటికి 85 నుంచి 90 మందికి మూత్రంలో ప్రోటీన్ ఆగిపోతుంది, ఎక్కువమందికి నాలుగు వారాల్లోపే. పిల్లాడి భవిష్యత్తు గురించి అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఈ నాలుగు వారాలే. వాపు ఎంత ఉందన్నది కాదు, చాలాసార్లు బయాప్సీ కూడా కాదు. స్టెరాయిడ్‌కు లొంగుతూ ఉన్నంతకాలం కిడ్నీ దాదాపుగా భద్రమే.

లొంగుతుంది గానీ పోదు. మందు పనిచేసిన పిల్లల్లో నాలుగింట మూడొంతుల మందికి కనీసం ఒకసారైనా తిరగబెడుతుంది. సుమారు సగం మందికి పదేపదే. జలుబో దగ్గో వచ్చిందంటే చాలు, వారం తిరిగేలోపు మళ్లీ ప్రోటీన్.

అందుకే ఈ వైద్యంలో సగం ఇంట్లోనే నడుస్తుంది. తల్లి పొద్దున్నే మొదటి మూత్రాన్ని గాజు గొట్టంలో పట్టి సల్ఫోసాలిసిలిక్ యాసిడ్ చుక్కలు వేస్తుంది. తేటగా ఉంటే సున్నా. విరిగిన పాలలా తునకలు కడితే నాలుగు ప్లస్సులు. ఇప్పుడు రంగు మారే స్ట్రిప్పులూ ఉన్నాయి. తేదీ, ప్లస్సులు, ఆ రోజు వేసిన మాత్ర, జలుబు ఉందా లేదా అన్నీ ఒక పుస్తకంలో ఎక్కుతాయి. వరసగా మూడు రోజులు మూడు ప్లస్సులు, అంతకు మించి వస్తే తిరగబెట్టినట్టు. వాపు రాకముందే పట్టుకోవచ్చు.

పథ్యం దగ్గర మన ఇళ్లలో గందరగోళం ఎక్కువ. ప్రోటీన్ పోతోందని రోజుకు నాలుగు గుడ్లు పెట్టేవాళ్లూ, కిడ్నీ అన్నారు కదా అని పప్పు మాన్పించేవాళ్లూ ఉన్నారు. వయసుకు తగ్గ మామూలు తిండి చాలు. వాపు ఉన్నన్నాళ్లు ఉప్పు తగ్గించాలి. అంటే ఆవకాయ, అప్పడాలు, వడియాలు పక్కన పెట్టాలి.

స్టెరాయిడ్ అంటే తల్లిదండ్రులు భయపడటంలో తప్పు లేదు. బుగ్గలు ఉబ్బుతాయి, ఆకలి, చిరాకు పెరుగుతాయి. ఏళ్లపాటు సాగితే ఎదుగుదల మందగించడం, బీపీ, కంటిలో శుక్లాలు, ఎముకల బలహీనత. అలాగని ఉన్నపళంగా ఆపేస్తే అంతకంటే ప్రమాదం. ఎక్కువకాలం వాడితే తిరగబెట్టదన్న పాత నమ్మకాన్ని మాత్రం పరిశోధనలే తోసిపుచ్చాయి. మూడు నెలల చికిత్సకూ ఆరు నెలల చికిత్సకూ తరచూ తిరగబెట్టడంలో చెప్పుకోదగ్గ తేడా లేదని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు నడిపిన అధ్యయనం 2015లో చూపింది. 2019లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం కూడా దీర్ఘ చికిత్సతో మేలు కనిపించలేదంది.

పదేపదే తిరగబెట్టే పిల్లలకు స్టెరాయిడ్ భారం తగ్గించే మందులు వేరే ఉన్నాయి. నులిపురుగుల మందుగా పుట్టిన లెవమిసోల్ వాటిలో ఒకటి. మైకోఫెనొలేట్, టాక్రోలిమస్, సైక్లోఫాస్ఫమైడ్ తర్వాతి మెట్లు. ఇంజెక్షన్‌గా ఎక్కించే రిటుక్సిమాబ్‌ను కోల్‌కతాలో 120 మంది పిల్లల మీద టాక్రోలిమస్‌తో పోల్చి చూశారు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం ఏడాదిపాటు తిరగబెట్టకుండా ఉన్నవారు రిటుక్సిమాబ్ వైపు 90 శాతం, టాక్రోలిమస్ వైపు 63 శాతం. ఖరీదైన మందు, దాని ప్రభావం శాశ్వతమూ కాదు.

స్టెరాయిడ్‌కు అసలే లొంగని 10, 15 శాతం పిల్లల దారి కష్టమైంది. వీళ్లకు బయాప్సీ, జన్యు పరీక్ష అవసరమవుతాయి. సుమారు మూడోవంతు మందిలో ఒకే ఒక్క జన్యువులో లోపం కనిపిస్తుంది. అలాంటప్పుడు రోగనిరోధక శక్తిని అణిచే మందులు పెద్దగా ఫలితమివ్వవు కనుక వాటి కష్టం తప్పించవచ్చు. మిగతావారికి టాక్రోలిమస్ లాంటివి ఇచ్చి చూస్తారు. ఏ మందుకూ లొంగనివారిలో చాలామందికి కొన్నేళ్లలో డయాలసిస్, కిడ్నీ మార్పిడి తప్పడం లేదు. కొందరికి కొత్త కిడ్నీలోనూ జబ్బు తిరిగొస్తుంది. లోపం జన్యువుదైతే ఆ ముప్పు బాగా తక్కువ.

జబ్బు మూలం విషయానికొస్తే, కొందరిలో వడపోత పొరలోని నెఫ్రిన్ అనే ప్రోటీన్‌పై శరీరమే యాంటీబాడీలు తయారుచేసుకుంటోందని ఇటీవల తేలింది. 2024లో అచ్చయిన యూరప్ అధ్యయనంలో పరీక్షించిన పిల్లల్లో సగానికి పైగా అవి దొరికాయి.

స్టెరాయిడ్‌కు లొంగిన పిల్లల్లో చాలామందికి యుక్తవయసుకు వచ్చేసరికి తిరగబెట్టడం ఆగిపోతుంది. అందరికీ కాదు, కొందరికి ఇరవైల్లోనూ వస్తుంది. పిల్లల డాక్టరు నుంచి పెద్దల నెఫ్రాలజిస్టు దగ్గరికి మారేటప్పుడు పాత కాగితాలన్నీ వెంట వెళ్లాలి. ముఖ్యంగా సైక్లోఫాస్ఫమైడ్ ఎప్పుడు, ఎన్ని వారాలు, మొత్తం ఎంత మోతాదు వాడారన్నది రాసి ఉండాలి. మోతాదు మించితే సంతానయోగ్యత దెబ్బతింటుంది గనుక రెండో విడత ఇవ్వడానికి వైద్యులు ఇష్టపడరు.