బిర్యానీ మానలేదు… బరువు తగ్గాను!

"మాయాబజార్" (1957)లో ఎస్.వి.రంగారావు గారు ఘటోత్కచుడి వేషంలో పెళ్ళివారి విందంతా ఆరగించే దృశ్యం చూడని తెలుగువాడు వుంటాడా? మొన్నామధ్య టీవీలో వస్తుంటే అమ్మా నేనూ కూర్చుని చూశాం. లడ్డూలు వాటంతటవే లేచి వచ్చి ఆయన నోట్లో పడుతుంటే అమ్మ నవ్వుతోంది. నేను మాత్రం వేళ్ళు ముడుస్తూ లెక్కపెడుతున్నాను. లడ్డూ ఒక్కోటి యాభై గ్రాములనుకుంటే రెండొందల కేలరీల పైమాటే…

"ఘటోత్కచుడి భోజనానికి కూడా లెక్కేమిట్రా, నీ పిచ్చి తగలెయ్య!" అంది అమ్మ.

ఈ పిచ్చి నాకు ఎలా పట్టిందో చెప్పాలి. ఏడాదిన్నర కిందట ఓ షూటింగులో హీరోగారిని ఇంటర్వ్యూ చేస్తుండగా మా ఫోటోగ్రాఫర్ మిత్రుడు ఓ ఫోటో తీశాడు. పత్రికలో ఆ ఫోటో సగమే పడింది. నా సగం కత్తిరించేశారు! ఎందుకని అడిగితే, "నువ్వు కూడా వుంటే హీరోగారికి చోటు చాలడం లేదోయ్" అన్నాడు లే అవుట్ చూసే పెద్దమనిషి. నవ్వేసి వూరుకున్నాను గానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అప్పటికి నాకు ముప్ఫై నాలుగేళ్ళు. ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు. బరువు 88 కిలోలు. వారం తిరక్కుండానే రక్తపరీక్ష చేయించాను. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.2 వచ్చింది. 6.5 దాటితే మధుమేహం కిందే లెక్క. "షుగర్ మీ వీధి గుమ్మం దాకా వచ్చేసిందండీ. తలుపు తియ్యడమా మానడమా మీ ఇష్టం" అన్నారు డాక్టరు గారు. మా నాన్నగారు షుగర్ తోనే పోయారు, యాభై ఆరేళ్ళకి. ఆఖరి రెండేళ్ళూ ఆయనకి ఎడమ పాదం లేదు. సినిమాలంటే ప్రాణం ఆయనకి. హాలు మెట్లు ఎక్కలేక ఆ రెండేళ్ళూ ఒక్క సినిమా చూడలేదు. డాక్టరు గారి గది లోంచి బయటికొస్తుంటే నాకు గుర్తొచ్చింది ఆ మెట్లే.

సినిమా విలేఖరి తిండి ఎలా వుంటుందో మీకు తెలియదు. పొద్దున్న ప్రెస్‌మీట్‌లో టిఫిను. మధ్యాహ్నం షూటింగులో ప్రొడక్షన్ వారి భోజనం, కాదంటే మేనేజరు నొచ్చుకుంటాడు. సాయంత్రం ప్రివ్యూలో సమోసా. రాత్రి పదకొండింటికి పాటల వేడుక అయ్యాక బఫే! మధ్యలో టీలు… వాటి సంగతి తర్వాత చెబుతాను, అసలు దొంగ అక్కడే దొరికాడు.

మొదట అందరూ చేసే పనే చేశాను. అన్నం మానేశాను, పచ్చళ్ళు మానేశాను, కీర దోసకాయలూ కేరెట్లూ నమిలాను. తొమ్మిది రోజులు గడిచాయి. పదోనాడు ఓ సినిమా విజయోత్సవంలో బిర్యానీ గిన్నె మూత తీసిన వాసనకి నా తపస్సు భగ్నమైంది. మేనక వచ్చి నాట్యం చెయ్యక్కర్లేకపోయింది సుమండీ! రెండు ప్లేట్లు లాగించాను. ఆ తర్వాత వారం రోజులూ పాత బాకీ తీర్చుకున్నట్టు తిన్నాను.

కేలరీల సంగతి చెప్పింది డాక్టరు గారే. "ఏదీ మానొద్దు. ఎంత తింటున్నారో రాయండి, చాలు" అన్నారు.

కిలో నీళ్ళని ఒక్క డిగ్రీ సెల్సియస్ వేడెక్కించడానికి ఎంత వేడి కావాలో అదే మనం తిండి విషయంలో చెప్పుకునే ఒక కేలరీ. అసలు పేరు కిలో కేలరీ, వాడుకలో కిలో ఎగిరిపోయింది. పిండిపదార్థం గ్రాముకి 4, మాంసకృత్తులు గ్రాముకి 4, కొవ్వు గ్రాముకి 9. దీన్ని బరువు తగ్గడానికి జనంలోకి తెచ్చిన మనిషి లులు హంట్ పీటర్స్ అనే అమెరికన్ డాక్టరమ్మ. 1918లో ఆవిడ రాసిన పుస్తకం అక్కడ వేడి వేడి పకోడీల్లా అమ్ముడుపోయింది. ఆవిడ కూడా ఒకప్పుడు భారీ మనిషే! రొట్టెముక్క అనకండి, వంద కేలరీల రొట్టె అనండి అన్న ధోరణిలో సాగుతుంది ఆవిడ బోధ. చిత్రం చూడండి, మన దేశంలో పోషకాహార పరిశోధనకి బీజం పడింది కూడా 1918లోనే, కూనూరులో. అదే 1958లో హైదరాబాదు వచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో బస్సు దిగేవాళ్ళలో ఎంతమందికి తెలుసో గానీ, మన కందిపప్పులో, గోంగూరలో ఏమేం వున్నాయో తూచి పట్టికలు వేసింది ఆ సంస్థే. 2017లో వాళ్ళు వేసిన పట్టికలు మన దేశపు తిండికి పెద్దబాలశిక్ష లాంటివి.

సరే, ఓ చిన్న డిజిటల్ త్రాసు కొన్నాను. ఓ నోటుపుస్తకం కొన్నాను. ఫోనులో రాసుకునే సౌకర్యం వుంది గానీ, చేత్తో రాస్తే సిగ్గు ఎక్కువేస్తుంది. సిగ్గే కదా కావలసింది!

మొదటి రోజు మధ్యాహ్నం. "రెండు గరిటెలే పెట్టమ్మా" అన్నాను. అమ్మ చేతి రెండు గరిటెలు త్రాసు మీద 480 గ్రాములు తూగాయి. వండిన అన్నం వంద గ్రాములకి 130 చొప్పున 620 దాటింది. పప్పూ నెయ్యీ కలపకముందు మాట అది. ప్రివ్యూ థియేటర్ బయట "ఏముందిలే, పల్లీలే కదా" అని తినే పొట్లం యాభై గ్రాములుంటే 280 కేలరీలు. సమోసాని ఎన్నేళ్ళుగా అనవసరంగా ఆడిపోసుకున్నానో!

ఇక టీ. గేదెపాలు అర గ్లాసు కూడా అక్కర్లేదు, ఓ యాభై మిల్లీలీటర్లు చాలు, దగ్గర దగ్గర 58. పంచదార రెండు చెంచాలు 40. వెరసి కప్పుకి వంద. నేను రోజుకి ఎన్ని టీలు తాగుతున్నానో పుస్తకంలో గీతలు గీస్తే ఆరు వచ్చాయి. ఆరువందల కేలరీలు! ఒక పూట భోజనమంత టీ తాగి, "నేనేం తిన్నానండీ?" అని ఏడుస్తున్నానన్నమాట.

రెండో దొంగ వంటింట్లో దొరికాడు. మా ఇంట్లో ముగ్గురం, అమ్మ, నేను, మా బామ్మ. నెలకి నాలుగు లీటర్ల నూనె. లీటరు 910 గ్రాములు, గ్రాముకి 9. లెక్క కడితే మనిషికి రోజుకి 360 పైచిలుకు. వేపుడులో మిగిలిన నూనె పారబోస్తే కాస్త తగ్గుతుంది గానీ, మా అమ్మ పారబొయ్యదు! అమ్మతో నెల రోజులు సంధి రాయబారం నడిపి రెండున్నర లీటర్లకి ఒప్పించాను. బెండకాయ వేపుడు రుచి తగ్గిందని బామ్మ ఇప్పటికీ సణుగుతుంది. ఆవిడ సణుగుడులో న్యాయముంది.

నా ఒంటికి రోజుకి సుమారు 2300 కేలరీలు ఖర్చని డాక్టరు గారు లెక్క కట్టారు. 1800 తినమన్నారు. టీలు మూడు చేసి, చెంచా పంచదారకి దిగితే 360 దాకా మిగిలింది. నూనెలో మరో 135. అయిదొందలు అక్కడే వచ్చేసింది! ఆవకాయ అన్నం అలాగే వుంది, త్రాసు మీదకి వచ్చిందంతే. పెసరట్టు వుంది. ఆదివారం బిర్యానీ వుంది, నాలుగొందల గ్రాములు, మా ఇంటి లెక్కలో 700. ఆ రోజు పొద్దున్న రెండిడ్లీలు, రాత్రి మజ్జిగా, జామకాయా. పొద్దున్న రెండు గుడ్లు తింటే పదకొండింటి ఆకలి వుండదని నాకు తెలిసొచ్చింది. పప్పు పెంచి అన్నం తగ్గిస్తే కూడా అంతే.

"మీరు గాలి పీల్చినా లావెక్కుతారా?" అని అడిగితే అవునంటాం చాలామందిమి. 1992లో అమెరికాలో ఇలాంటివాళ్ళనే పరీక్షించారు. 1200 కేలరీలకి మించి తినడం లేదు, అయినా తగ్గడం లేదు అన్నవాళ్ళని. శాస్త్రీయంగా కొలిస్తే వాళ్ళు తిన్నదాంట్లో సగానికి సగం, సరిగ్గా చెప్పాలంటే సగటున 47 శాతం, చెప్పకుండా మర్చిపోయారు. అబద్ధాలాడారని కాదు. నా టీలు నాకు గుర్తున్నాయా? 2010లో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ పోషకాహార ప్రొఫెసర్ మార్క్ హాబ్ ఇంకో తమాషా చేశాడు. పది వారాలు ఎక్కువగా క్రీము కేకులూ, చిప్సూ లాంటివే తింటూ, రోజుకి 1800 దాటకుండా చూసుకున్నాడు. 27 పౌండ్లు, అంటే పన్నెండు కిలోలు తగ్గాడు. అలా తినమని ఆయన ఎవరికీ చెప్పలేదు. దయచేసి బేకరీకి పరుగెత్తకండి!

సినిమావాళ్ళ సంగతేమిటంటారా? "రాఖీ" (2006)లో బొద్దుగా వున్న జూనియర్ ఎన్టీఆర్ "యమదొంగ" (2007)లో సన్నగా ప్రత్యక్షమైతే హాల్లో ఎంత ఈల మోగిందో నాకింకా గుర్తుంది. అనుష్క "సైజ్ జీరో" (2015) కోసం ఇరవై కిలోల దాకా పెరిగింది. కొద్దిరోజుల్లో సన్నబడేస్తామనే క్లినిక్‌ని ఎదిరించే అమ్మాయి కథ అది. అదే ఏడాది జూన్‌లో, "నువ్వు నాకు నచ్చావ్" (2001)తో మనందరి మనసులో చోటు సంపాదించిన ఆర్తీ అగర్వాల్ అమెరికాలో కన్నుమూసింది. ముప్ఫై ఒక్కేళ్ళు. కొద్ది వారాల ముందు కొవ్వు తీయించుకునే శస్త్రచికిత్స జరిగిందని అప్పట్లో పత్రికలు రాశాయి. లావయ్యారని తారల మీద చమత్కారాలు రాసిన విలేఖరుల్లో నేనూ వున్నాను. ఆ వాక్యాలు ఇప్పుడు చదువుకోలేను.

ఇంకో సంగతి కూడా చెప్పకపోతే ఈ వ్యాసం రాసే అర్హత నాకు లేదు.

మా పిన్ని కూతురికి పంతొమ్మిదేళ్ళు. కాలేజీ నాటకాల్లో బహుమతులు తెచ్చుకుంది. సినిమాల్లోకి వెళ్ళాలని కోరిక. నాలుగు నెలల్లో నేను ఆరు కిలోలు తగ్గేసరికి, "అన్నయ్యా, నాక్కూడా నేర్పవా?" అంది. పొంగిపోయాను. నిజానికి ఆ పిల్లకి తగ్గాల్సిన బరువే లేదు. ఆ ముక్క నాకు తట్టలేదు. పైగా ఓ త్రాసు, ఓ పుస్తకం కొని ఇచ్చాను!

రెండు నెలల తర్వాత పిన్ని ఫోను చేసింది. రిహార్సల్లో పిల్ల కళ్ళు తిరిగి పడిపోయిందిరా అని. వెళ్ళేసరికి మంచం మీద వుంది. జుట్టు రాలుతోందట, నెలసరి ఆగిపోయిందట. తలగడ కింద నేనిచ్చిన పుస్తకం. ముత్యాల్లాంటి అక్షరాలు. "అర యాపిల్ – 40. పెరుగు రెండు చెంచాలు – 20." ఏ పేజీలోనూ మొత్తం 500 దాటలేదు. 480 వచ్చిన రోజు పక్కన ఎర్ర సిరాతో "ఛీ" అని రాసుకుంది.

"లెక్కలు తప్పలేదు కదా అన్నయ్యా?" అని అడిగింది నన్ను.

డాక్టరు గారు త్రాసూ పుస్తకమూ రెండూ ఇంట్లోంచి తీసేయించారు. కొందరికి ఈ అంకె మందు, కొందరికి అంకే జబ్బు అన్నారు. మానసిక వైద్యురాలి దగ్గరికి ఆరు నెలలు తిరిగారు. పిన్ని నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

అందుకే, ఉత్తరాలు రాయబోయే వారికి ముందే చెబుతున్నాను. ఎదిగే వయసు పిల్లలు, పద్దెనిమిది నిండనివాళ్ళు, డాక్టరు చెప్పకుండా తిండి తగ్గించకూడదు. షుగర్ మందులు వాడేవారూ అంతే, వాళ్ళకి షుగర్ పడిపోయే ప్రమాదం వుంది. అద్దంలో చూసుకుని కాదు, ముందు డాక్టరుకి చూపించుకుని నిర్ణయించుకోండి. బీఎంఐ అని ఓ లెక్క వుంది, మన దేశంవారికి 23 దాటితే అధిక బరువు అంటారు. అప్పట్లో నాది 30 దాటింది. మా చెల్లెలిది 20 కూడా లేదు!

ఎనిమిది నెలల్లో నేను 77 కి వచ్చాను. రోజుకి అయిదొందల లెక్క ప్రకారం ఇంకా తగ్గాలి. కానీ మధ్యలో మూడు పెళ్ళిళ్ళు, దసరా, దీపావళి వచ్చాయి. పైగా ఒళ్ళు తగ్గేకొద్దీ దాని ఖర్చూ తగ్గుతుంది, నాలుగో నెల తర్వాత జోరు పడిపోయింది. బిర్యానీ తిన్న మర్నాడు త్రాసు కిలోంబావు ఎక్కువ చూపిస్తే మొదట్లో గుండె జారేది. అదంతా ఉప్పుతో పట్టిన నీరు, బుధవారానికి పోతుంది. హెచ్‌బీఏ1సీ 5.6 కి దిగింది.

పోయిన నెల మా చెల్లెలి నాటకం చూడడానికి వెళ్ళాను. ముసలావిడ వేషం, చప్పట్లు బాగానే పడ్డాయి. అయ్యాక బయట బండి దగ్గర నాలుగు మిరపకాయ బజ్జీలు తింది. నేను రెండు తిన్నాను. దారిలో సినిమా కబుర్లే చెప్పుకున్నాం.

ఇప్పుడు నేను కూడా రోజూ తూచడం మానేశాను. కంటికి కొలత అలవాటైంది, వారానికి రెండు రోజులే త్రాసు బయటికి తీస్తాను. పోయిన సంక్రాంతికి అరిసెలు మొహమాటం లేకుండా తిన్నాను, 78.9 కి వెళ్ళింది. మొన్న సోమవారం చూస్తే 77.4 వుంది.