హబ్బు తప్పెంత?

పాత నల్ల సైకిలు తొక్కుతుంటే బరువుగా లాగుతోందంటే అందరి అనుమానం ముందు వెనక హబ్బు మీదికే పోతుంది. లెక్క మాత్రం హబ్బు పక్షానే ఉంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోవడానికి మామూలు మనిషి కాళ్లు పెట్టే శక్తి 50 నుంచి 60 వాట్లు. ఇంచుమించు సగం టైర్లు తింటాయి, సగం ఎదురుగాలి తింటుంది. గ్రీజు ఉండి సరిగ్గా బిగించిన హబ్బు వాటా ఒక వాట్ లోపే.

అందుకే పానా కంటే ముందు పంపు తీయాలి. గాలి తగ్గిన టైర్లు పది ఇరవై వాట్లు అదనంగా మింగేస్తాయి. డైనమో టైరుకు ఆనుకుని ఉందేమో చూడండి. దాని దీపం 3 వాట్లదే, కాళ్ల నుంచి లాగేది మాత్రం అంతకు రెట్టింపు. కడ్డీల బ్రేకు రబ్బరు రిమ్ముకు రాసుకుంటున్నా అంతే సంగతులు.

ఇవన్నీ బాగున్నాక ఒక పరీక్ష. చదును రోడ్డు మీద వేగం అందుకుని తొక్కడం ఆపేయండి. బండి హాయిగా సాగిపోతే హబ్బు నిర్దోషి. ఎందుకంటే హబ్బులోని బాల్సు తొక్కినా ఆపినా తిరుగుతూనే ఉంటాయి. వాటిలో పట్టు ఉంటే ఆపినప్పుడూ బండిని వెనక్కి లాగాలి. ఆపితే సాఫీగా, తొక్కితే బరువుగా ఉందంటే వెతకాల్సింది పెడళ్లు, చైను, పెడళ్ల మధ్య ఇరుసు. చైను ఎక్కే వెనక పళ్ల చక్రాన్ని, అంటే ఫ్రీవీలును, నిందించేవాళ్లూ ఉన్నారు. తొక్కుతున్నంతసేపూ అది హబ్బుతో ఒకే ముద్దగా తిరుగుతుంది, దాని లోపలి బాల్సుకు పనే ఉండదు. అది బిగుసుకుపోయిన గుర్తు వేరు: తొక్కడం ఆపగానే చైను పైవరస వేలాడిపోయి, పెడళ్లు తమంతట తామే కాళ్లను తోస్తాయి.

బరువు ఒకేలా కాకుండా ఆగి ఆగి పట్టేస్తుంటే ఇంకా సులువు, లెక్కపెడితే చాలు. ముందు పళ్ల చక్రానికి 44 పళ్లు, ఫ్రీవీలుకు 18 ఉన్న బండిలో పెడలు ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 2.44 చుట్లు తిరుగుతుంది. పెడలు చుట్టుకు ఒక్కసారే పడుతుంటే ముందు పళ్ల చక్రం వంకర. రెండున్నర సార్లు పడుతుంటే రిమ్మో హబ్బో. చైనుకు 110 లింకులుంటే అది పూర్తిగా తిరిగి రావడానికి పెడలు రెండున్నర చుట్లు తిరగాలి. అన్ని చుట్లకోసారి అదే తంతు మళ్లీ మొదలవుతుంటే ఎక్కడో ఒక లింకు బిగిసింది. చైను మరీ లాగి కట్టినా తంటాయే. మధ్యలో వేలితో ఎత్తితే అరంగుళం ఆడాలి.

ఇక హబ్బే దొంగ అని తేలిందనుకుందాం. అది చిన్న దొంగతనం కాదు. బాల్సు తిరిగే వలయం ఇరుసు మధ్య నుంచి సుమారు 1 సెంటీమీటరు దూరంలో ఉంటుంది, టైరు అంచు 36 సెంటీమీటర్ల దూరంలో. లోపలి పట్టు టైరు దగ్గరకొచ్చేసరికి 36వ వంతుకు తగ్గిపోతుంది. అదే 15 కిలోమీటర్ల వేగంలో హబ్బు 10 వాట్లు తినాలంటే బాల్సు దగ్గర ఇంచుమించు 9 కిలోల పట్టు ఉండాలి. గ్రీజు కాస్త ఎండినంత మాత్రాన అంత రాదు. కాలికి తెలిసేంత బరువు హబ్బుదే అయితే లోపల ఏదో విరిగింది, వంగింది, లేదా ఎవరో బలంగా బిగించేశారు.

చక్రం ఊడదీసి ఇరుసును రెండు వేళ్లతో తిప్పండి. ఒకచోట వదులుగా, ఇంకోచోట బిగువుగా ఉండి, కొస గుండ్రంగా ఊగుతుంటే ఇరుసు వంగింది. ఈ బళ్లలో ఫ్రీవీలు బాల్సుకు బయట ఉంటుంది కాబట్టి కుడివైపు ఇరుసు చాలా మేర ఆధారం లేకుండా మిగులుతుంది. వంగినా విరిగినా ఎక్కువగా అక్కడే. రెండు ముక్కలైన ఇరుసును బయటి నట్లు పట్టి ఉంచితే బండి అలాగే నడుస్తుంది, బరువుగా.

విప్పాక, ఇరుసు మీద బాల్సు ఆనే కోన్‌ను తుడిచి వెలుతురులో చూడాలి. బాల్సు నడిచిన దారి సన్నటి మెరుపు గీతలా ఉంటే మంచిదే. అందులో గోటికి తగిలే గుంతలుంటే కోన్ మార్చాల్సిందే, ఎంత గ్రీజు పూసినా దండగ. వెనక హబ్బుకు పావంగుళం బాల్సు పక్కకు 9, మొత్తం 18. ఖాళీ కనిపించిందని పదోది ఇరికించినా, ముందు చక్రానివి, అంటే 3/16 అంగుళంవి, కలిపినా హబ్బు పాడైనట్టే. పాతవీ కొత్తవీ కలపకుండా పద్దెనిమిదీ ఒకేసారి మార్చడం మేలు.

బిగింపులోనే చాలామంది చెడగొడతారు. ఇరుసు మరకు అంగుళానికి 26 చుట్లు, అంటే చుట్టుకు మిల్లీమీటరు కంటే కొంచెం తక్కువ. కోన్‌ను ఎనిమిదో వంతు చుట్టు తిప్పితే అది జరిగేది 0.12 మిల్లీమీటర్లే. అయినా బిగువుకీ వదులుకీ మధ్య ఉన్న దూరమంతా అంతే. పైగా లాక్‌నట్టు బిగించేటప్పుడు కోన్ ఇంకాస్త లోపలికి జరుగుతుంది. కాబట్టి పిసరంత వదులు ఉంచి, కోన్‌ను సన్న పానాతో పట్టుకుని నట్టు బిగించాలి. తర్వాత చైను తీసేసి చక్రాన్ని గాల్లో వదిలితే, వాల్వు బరువుకే అది మెల్లగా తిరిగి వాల్వు కిందికి రావాలి.

మూడు గేర్ల హబ్బు సంగతి వేరు. అప్పట్లో నాటింగ్‌హామ్‌లో ఉన్న స్టర్మీ-ఆర్చర్ కంపెనీ 1936లో తెచ్చిన ఏడబ్ల్యూ హబ్బులో రెండో గేరు ఒకటికి ఒకటి, మొదటిది 75 శాతం, మూడోది 133 శాతం. కేబులు వదులైనా తెగినా అది మూడో గేరులోనే ఉండిపోతుంది. అప్పుడు రెండో గేరు కంటే పెడలు మీద మూడో వంతు ఎక్కువ బలం పెట్టాలి, హబ్బులో ఏ లోపమూ లేకుండానే. లోపల నూనె జిగురై ఉంటే మూత తీసి ఒక చెంచా మోటారు నూనె పోయాలి. దీని కుడి కోన్‌ను చేత్తో బిగించి అరచుట్టు వెనక్కి తిప్పి లాక్ చేస్తారు. ఆ తర్వాత సర్దుబాటంతా ఎడమవైపే.