ఇంటిల్లిపాదికీ ఒకే కూర: రక్తపోటు ఉన్న ఇంట్లో రుచి తగ్గని వంట

రక్తపోటుతో బాధపడుతున్న మీ వారిని ఆసుపత్రి నుండి ఇంటికి తీసుకువెళ్లేటప్పుడు డాక్టరుగారు తప్పక చెప్పే మాట ఒకటుంది: "ఉప్పు తగ్గించండి." మాట చిన్నదే. కాని తెల్లవారకముందే లేచి, పిల్లలను బడికి పంపి, తానూ పనికి వెళ్లవలసిన తల్లికి అది మరో భారం. మొదటి వారం రోగికి వేరుగా చప్పిడి కూర వండుతారు. రెండో వారానికి ఓపిక తగ్గుతుంది. రోగి కూడా పక్క కంచంలోని పులుసు చూసి ఉండలేక ఆవకాయ జాడీ దగ్గరకు లాక్కుంటాడు. నెల తిరిగేసరికి అంతా మామూలే. అదుపు తప్పిన రక్తపోటు పక్షవాతానికి, గుండెపోటుకు, మూత్రపిండాల జబ్బుకు దారి తీస్తుంది.

కాబట్టి రోగికి వేరుగా వండకండి. అందరికీ ఉప్పు తగ్గించి ఒకే కూర వండండి. తగ్గిన ఉప్పుకు బదులు రుచిని వేరే దారిలో తీసుకురండి. దీనివల్ల మీకు శ్రమ తగ్గుతుంది. తాను వేరు అన్న బాధ రోగికి ఉండదు. పిల్లలకూ చిన్నప్పటి నుండే మంచి అలవాటు అవుతుంది.

ఎంత ఉప్పు వాడాలి?

పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అంటే తలకొట్టి కొలిచిన ఒక టీస్పూను లోపే. పిల్లలకు ఇంకా తక్కువ. మీ ఇంట్లో నలుగురు పెద్దవారుంటే మొత్తం 4 టీస్పూన్లు మించరాదు. పచ్చళ్లు, బిస్కెట్ల ద్వారా కూడా కొంత ఉప్పు లోపలికి పోతుంది. అందుచేత ఉదయాన్నే 3 టీస్పూన్లు చిన్న గిన్నెలో కొలిచి పెట్టుకోండి. ఆ రోజు చట్నీకి, కూరకు, చారుకు అందులో నుండే తీసి వేయండి. ఉప్పు డబ్బాను, భోజనం దగ్గర పెట్టే ఉప్పును కనబడకుండా పెట్టండి.

రుచి ఎక్కడి నుండి వస్తుంది?

పులుపు ఉంటే ఉప్పు తగ్గిన సంగతి నాలుకకు అంతగా తెలియదు. చింతపండు, నిమ్మరసం, టమాటా, మామిడికాయ, గోంగూర ఇందుకు పనికి వస్తాయి. వెల్లుల్లి, అల్లం, ఇంగువ, కరివేపాకు, వేయించిన నువ్వులు కూరకు కమ్మదనం ఇస్తాయి. వేపుళ్లలో ఉప్పు చివర చల్లితే ముక్కల పైనే ఉంటుంది. కొద్దిగా వేసినా రుచి తెలుస్తుంది.

ఆదివారం ఆరాధన అయ్యాక తీరిక చూసుకుని ఒక పొడి కొట్టి ఉంచుకోండి. ధనియాలు 4 చెంచాలు, జీలకర్ర 2 చెంచాలు, మిరియాలు 1 చెంచా, గుప్పెడు ఎండిన కరివేపాకు నూనె లేకుండా వేయించి, ఉప్పు వేయకుండా దంచండి. వారమంతా కూరలకు, చారుకు వాడవచ్చు.

ఉదాహరణకు టమాటా పప్పు

గ్లాసు కందిపప్పు, 3 టమాటాలు, చిటికెడు పసుపు కుక్కరులో ఉడికించండి. ఇంట్లో ఏడాది లోపు బిడ్డ ఉండి, అన్నం తినే వయసు వచ్చి ఉంటే ఇప్పుడే కొంత పప్పు తీసి మెత్తగా మెదపండి. ఆ వయసులో ఉప్పు కలపనవసరం లేదు. మిగతా పప్పులో అర టీస్పూను ఉప్పు, కొద్దిగా చింతపండు రసం, అర చెంచా పొడి వేసి ఒక పొంగు రానివ్వండి. 2 చెంచాల నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, చితక్కొట్టిన వెల్లుల్లి, కరివేపాకు పోపు వేయండి. నలుగురు తింటే మనిషికి అర గ్రాముకు కొంచెం పైగా ఉప్పు పడుతుంది.

దాగి ఉన్న ఉప్పు

ఊరగాయలు, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు, చిప్స్, నూడుల్స్ మసాలా పొట్లాలలో ఉప్పు ఎక్కువ. వంటసోడాలోనూ సోడియం ఉంది. పొట్లం మీద సోడియం 400 మిల్లీగ్రాములు అని ఉంటే అది 1 గ్రాము ఉప్పుతో సమానం. పెరుగన్నంలోకి ఊరగాయ బదులు ఉల్లిపాయ, పచ్చి మామిడి ముక్క పెట్టి చూడండి.

జాగ్రత్తలు

సైంధవ లవణం కూడా ఉప్పే. అది ఎంతైనా వాడవచ్చన్నది అపోహ. సోడియం తగ్గించిన ఉప్పులలో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, కొన్ని రకాల మందులు వాడేవారికి అది ప్రమాదం. డాక్టరును అడగకుండా కొనకండి. మూత్రపిండాల రోగులు పులుపులు, ఆకుకూరలు ఎంత తినవచ్చో కూడా అడిగి తెలుసుకోవాలి. ఉప్పు తగ్గించాం కదా అని రక్తపోటు మాత్రలు మానవద్దు.

మొదట్లో ఇంట్లో అందరూ చప్పగా ఉందంటారు. నిరుత్సాహపడకండి. ఒక్కసారిగా కాక వారం వారం కొంచెంగా తగ్గించండి. కొన్ని వారాలలో నాలుక అలవాటు పడుతుంది. తర్వాత పాత కూరే ఉప్పగా తోస్తుంది.

ప్రార్థన చేసుకుని అందరూ కలిసి కూర్చున్నప్పుడు, జబ్బు మనిషి కంచంలోనూ అందరి కంచంలోని కూరే ఉండాలి. దేవుడు మీ ఇంటిల్లిపాదికీ ఆరోగ్యం దయచేయును గాక.