మందు మంచిదే, మరి చేతుల వణుకెందుకు?

నల్లమల అడవి అంచున ఉన్న అచ్చంపేట ప్రాంతమున వేసవి ఎట్లుండునో అక్కడివారికి చెప్పనక్కరలేదు. ప్రొద్దు ఎక్కకముందే రాయి వేడెక్కును. అట్టి వైశాఖమాసపు ఎండలో చెరువు పూడికమన్ను తవ్వు ఒక కూలీని ఊహించుకొందము. అతనికి కొంతకాలము క్రిందట ఉన్మాద-విషాద వ్యాధి కలిగినది. కొన్ని వారములు నిద్రలేక, పట్టరాని ఉత్సాహముతో తిరుగుట, పిమ్మట కొన్ని నెలలు ఎవరితోను మాటలాడక మూల కూర్చుండుట దాని లక్షణములు. హైదరాబాదు వైద్యులు లిథియము బిళ్ళలు వ్రాసియిచ్చిరి. మనిషి కుదుటపడి పనిలోనికి పోవుచున్నాడు. ఇప్పుడు చేతులు వణకుచున్నవి. భార్య అతనిని వెంటబెట్టుకొని నర్సు వద్దకు వచ్చినది.

“సిస్టరమ్మా, గోలీలు ఏసుకుంటుంటే చేతులు వణుకుతున్నయి. బంద్ జెయ్యమంటవా?”

నర్సు వెంటనే అవుననలేదు, కాదనలేదు. “జర కూసో అక్కా. అన్నా, దినాం ఎన్ని నీళ్లు తాగుతున్నవ్? ఉప్పు తింటున్నవా? వేరే గోలీలేమన్న ఏసుకున్నవా?” అని అడిగినది. చేతుల వణుకునకును ఉప్పునకును సంబంధమేమని మీరు అడుగవచ్చును. ఆ సంబంధమే నేటి మన విషయము.

తరగతి గోడమీది ఆవర్తన పట్టికను చూడుడు. మొదటి నిలువు వరుసలో సోడియమునకు సరిగా పైగడిలో లిథియము ఉన్నది. సోడియము పరమాణు సంఖ్య 11. లిథియము పరమాణు సంఖ్య 3. రెండును ఒక్కొక్క ఎలక్ట్రానును కోల్పోయి, ఒక్క ధనావేశము గల అయానులగును. ఒకే వరుసలోని మూలకములు అన్నదమ్ముల వంటివని మీ ఉపాధ్యాయులు చెప్పియుందురు. ఆ పోలిక మన మూత్రపిండములను గూడ కొంత మోసపుచ్చును.

మూత్రపిండములు రక్తమును వడకట్టి, అందులో శరీరమునకు కావలసిన సోడియమును మరల రక్తములోనికి తీసుకొనును. అట్లు తీసుకొనునపుడు సోడియముతోపాటు లిథియమును గూడ చాలభాగము వెనుకకు తీసుకొనును. మిగిలినది మూత్రముతో వెలికి పోవును. లిథియము శరీరమునుండి పోవుటకు ఇదియే ముఖ్యమార్గము. చెమటతో నీరు, ఉప్పు పోయి శరీరము ఎండినపుడు మూత్రపిండములు పొదుపరులగును. సోడియమును గట్టిగా పట్టుకొనును. దానితోపాటు లిథియమును గూడ పట్టుకొనును. బిళ్ళల సంఖ్య పెరగలేదు. అయినను రక్తములో మందు పెరుగును. వాంతులు, విరేచనములు పట్టుకొన్నను, ఆహారములో ఉప్పు హఠాత్తుగా తగ్గించినను ఇట్లే జరుగును. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళలు గూడ లిథియము వెలికి పోవుటను తగ్గించును. నడుము నొప్పికి అంగడిలో కొన్న బిళ్ళను గూర్చి నర్సు అడుగుటకు కారణమిదియే.

మందునకును విషమునకును నడుమ ఎడము లిథియము విషయమున చాల సన్నము. సాధారణముగా లీటరు రక్తరసములో 0.6 నుండి 1.0 మిల్లీమోలు వరకు ఉండునట్లు చూతురు. 1.5 దాటినచో విషలక్షణములు కనబడవచ్చును. చివరి మోతాదు తీసుకొన్న పండ్రెండు గంటలకు రక్తము తీసి ఈ కొలత చూతురు. మూత్రపిండముల పనిని, థైరాయిడు గ్రంథి పనిని గూడ అప్పుడప్పుడు పరీక్షింతురు.

ఈ జ్ఞానము సులభముగా లభింపలేదు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ ఉన్మాదమునకు లిథియము పనిచేయునని ప్రకటించెను. అదే సంవత్సరమున అమెరికాలో, ఉప్పు మానవలసిన రోగులు ఉప్పునకు బదులుగా లిథియము క్లోరైడును వాడగా కొందరు మరణించిరి. ఒకచోట ఔషధమైనది మరొకచోట విషమైనది. వారు సోడియమును మానినవారగుటయే అపాయమును పెంచినది. 1954లో డెన్మార్కునందు మోగెన్స్ షౌ మొదలగువారు జాగ్రత్తగా పరీక్షించి దాని మేలును స్థిరపరచిరి. రక్తములో కొలుచు పద్ధతి అలవాటైన పిమ్మట, 1970లో అమెరికా ప్రభుత్వము దానిని ఔషధముగా అంగీకరించెను.

ఇక వణుకు సంగతి. సరియైన మోతాదులో గూడ కొందరికి వ్రేళ్ళు సన్నగా వణకును. అది ఇబ్బందియే గాని అపాయము కాదు. వైద్యుడు మోతాదు సవరించి తగ్గింపగలడు. కాని చేతులు పెద్దగా ఊగుట, వాంతులు, విరేచనములు, మాట తడబడుట, నడక తూలుట, మగత కలిగినచో అది విషలక్షణము. అప్పుడు తరువాతి బిళ్ళ వేయక వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఈ భేదమును గుర్తించుటయే నర్సు చేయు మొదటిపని. ఆమె అతని చేతులు చాపించి చూచును, నాలుగడుగులు నడిపించును, పేరు ఊరు చెప్పించి మాట వినును. ఇందుకు యంత్రమేమియు అక్కరలేదు.

అట్టి లక్షణములు లేనిచో తనంతట మందు మానరాదు. లిథియమును హఠాత్తుగా మానినచో ఉన్మాదము మరల రావచ్చును. వచ్చినపుడు పని, పరువు, ఒక్కొక్కసారి ప్రాణమే పోవచ్చును. వణుకునకు భయపడి మందు మానినవాడు చిన్న బాధను తప్పించుకొనబోయి పెద్ద బాధను కొనితెచ్చుకొనును.

1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయమున లొరెట్టా ఫోర్డ్, హెన్రీ సిల్వర్ అనువారు నర్సులకు పైశిక్షణ నిచ్చు పద్ధతిని ప్రారంభించిరి. అట్టి నర్సులు అక్కడ నేడు మానసిక వ్యాధులకు మందులు గూడ వ్రాయుచున్నారు. మనదేశమున మోతాదు మార్చుట వైద్యుని పని. అయినను 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమము ఏర్పడినపుడు ఉద్దేశించినది గ్రామమునకు దగ్గరగా వైద్యము చేర్చుటయే. నూరు కిలోమీటర్లకు మించి దూరముననున్న హైదరాబాదుకు మాటిమాటికి పోలేనివానికి, ఊరి దగ్గర అడిగి, చూచి, సమయమునకు పైకి పంపు నర్సు ఎంత విలువైనదో వేరుగా చెప్పవలెనా?

మన కూలీ తిన్నగా నడిచినాడు. మాట స్పష్టముగా ఉన్నది. నర్సు నీటి సీసా వెంట ఉంచుకొమ్మని, ఉప్పు ఎప్పటివలె తినుమని, నొప్పి బిళ్ళ మానుమని చెప్పి, రక్తపరీక్షకును వైద్యుని వద్దకును చీటి వ్రాసియిచ్చినది.

విద్యార్థులారా! మీ ఇంటనో ఇరుగుపొరుగుననో ఇట్టి మందు వాడువారుండవచ్చును. వారిని ఎగతాళి చేయకుడు. నీళ్ళు త్రాగితిరా అని అడుగుడు. సందేహము కలిగినచో 14416 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. 2022 అక్టోబరులో ప్రారంభమైన ఈ ప్రభుత్వ టెలీ-మానస్ సేవ ఉచితము, రాత్రింబగళ్ళు లభించును. ఉపాధ్యాయులు మొదటి వరుస మూలకములను బోధించునపుడు ఈ ఉదాహరణ చెప్పినచో, ఆ పాఠము పరీక్షతో ముగిసిపోదు.