వార్తల్లో పదం: ఎలైన్‌మెంట్ వ్యూయర్

డీఎన్‌ఏ, ప్రొటీన్ల అక్షర వరుసలను ఒకదాని కింద ఒకటి, పోలికలున్న చోట్లు ఒకే నిలువు వరుసలో పడేలా పేర్చడమే సీక్వెన్స్ ఎలైన్‌మెంట్. ఆ పేర్పును రంగుల్లో చూపి, దిద్దుకోనిచ్చే సాఫ్ట్‌వేర్ ఎలైన్‌మెంట్ వ్యూయర్.

పేర్చే పని క్లస్టల్, మాఫ్ట్ వంటి ప్రోగ్రాములది. అక్షరం లోపించిన చోట అవి చిన్న గీత పెడతాయి. గీత తప్పు చోట పడితే పరిశోధకులు వ్యూయర్‌లో దాన్ని జరుపుతారు. జాల్‌వ్యూ, అలీవ్యూ ఉచితంగా దొరుకుతాయి.

దీని ఉపయోగానికి వరి ఒక ఉదాహరణ. తెనాలి, రేపల్లె రైతులకు తెలిసిన బీపీటీ 5204 (సాంబ మసూరి) వరి బాపట్లలో పుట్టి, 1986లో విడుదలైంది. దానికి బ్యాక్టీరియా ఎండాకు తెగులు బెడద. హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థలు సీసీఎంబీ, వరి పరిశోధన సంచాలకాలయం ఆ తెగులును తట్టుకునే ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 జన్యువులను సంకరణంతో దానిలో చేర్చి 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరిని తెచ్చాయి.

వీటిలో ఎక్స్‌ఏ5ను తెగులుకు లొంగే రకాల్లోని అదే జన్యువుతో పేర్చి చూస్తే, ప్రొటీన్‌ను రాసే భాగంలో తేడా రెండక్షరాలే. వాటివల్ల ప్రొటీన్ 39వ స్థానంలో వాలిన్ అనే అమైనో ఆమ్లం పోయి గ్లుటామిక్ ఆమ్లం వస్తుంది. ఇలాంటి తేడాను వ్యూయర్ ఇట్టే పట్టిస్తుంది. ఆ తేడా తెగులును ఆపుతుందో లేదో మాత్రం మొక్కల మీద పరీక్షించే తేల్చాలి.