నోట మాట లేకున్నా మనసులో మాటుంది

మాట రాని పిల్లవాణ్ణి చూసి "పాపం, వాడికేం తెలుస్తుంది" అనడం పల్లెల్లో మామూలే. వాడి ఎదుటే వాడి గురించి నలుగురూ నాలుగు రకాలుగా మాట్లాడుకుంటారు. తెలియనిది వాడికి కాదు, చూసేవారికేనని అమెరికాకు చెందిన మెల్ బ్యాగ్స్ 2007లో లోకానికి చాటారు.

ఆటిజం ఉన్న బ్యాగ్స్ నోటి మాటకు బదులు టైపు చేసేవారు. ఆ అక్షరాలను కంప్యూటర్ చదివి వినిపించేది. 2007 జనవరిలో వారు "నా భాషలో" అనే వీడియో విడుదల చేశారు. అందులో మొదట మాటలుండవు. ఊగడం, కూనిరాగం తీయడం, పంపు నీటి ధారలో వేళ్లు ఆడించడం కనిపిస్తాయి. తర్వాత యంత్రం గొంతు అసలు సంగతి విప్పుతుంది. అవి పిచ్చి చేష్టలు కావని, చుట్టూ ఉన్నవాటితో తాను జరిపే సంభాషణ అని చెబుతుంది. మీ భాష మాకు రాకపోతే లోపమంటారు, మా భాష మీకు రాకపోతే లోపమనరేం అని నిలదీస్తుంది. బ్యాగ్స్ 2020లో కన్నుమూశారు. ఆ ప్రశ్న మిగిలే ఉంది.

పైసా ఖర్చు లేని గొంతు

రాసినదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌లలో "ఈస్పీక్" ఒకటి. బ్రిటన్‌కు చెందిన జొనాథన్ డడింగ్టన్ 1995లో దీనికి అంకురార్పణ చేశారు. 2015 నుంచి "ఈస్పీక్ ఎన్‌జీ" పేరుతో ఇతరులు దీనిని ముందుకు తీసుకువెళ్తున్నారు. ఇది ఉచితం. పైగా దీని తయారీ గుట్టు అందరికీ తెరిచి ఉంచారు. తెలుగును కూడా చదువుతుంది. మనిషి గొంతును రికార్డు చేయకుండా శబ్దాలను లెక్కగట్టి పుట్టిస్తుంది కనుక గొంతు కాస్త రేకు డబ్బా మోగినట్టుంటుంది. కానీ పాత కంప్యూటర్‌లోనూ పనిచేస్తుంది. ఉచ్చారణ తప్పితే తెలిసినవారెవరైనా సరిదిద్దవచ్చు.

చట్టం ఏమంటోంది?

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఉంది. సైగలు, రాత, బొమ్మలు, ఇతర ప్రత్యామ్నాయ మార్గాలు కూడా భావ వ్యక్తీకరణేనని ఆ చట్టం చెబుతోంది.

అయితే యంత్రం కొనేదాకా ఆగనక్కరలేదు. పిల్లవాడు ఖాళీ చెంబు తెచ్చి అమ్మ చేతిలో పెడితే అది దాహమన్న మాటే. చెవులు మూసుకుంటే గోల భరించలేనన్న మాటే. అడిగాక జవాబుకు కాస్త ఆగాలి. వాడి చేయి పట్టి తమకు తోచింది టైపు చేయిస్తే అది వాడి మాట కాదు, పట్టినవారి మాట. వాడి ఎదుట వాడి గురించి మాట్లాడేముందు, వాడు వింటున్నాడని గుర్తుంచుకుంటే చాలు.