కొమ్ము మీద ఎనిమిదో గీత

అలాస్కాలో డాల్ గొర్రెల వేటకు వెళ్లేవాడికి గురి ఒక్కటే ఉంటే చాలదు, ఎదుటి పొట్టేలు వయసు చెప్పడం కూడా రావాలి. అక్కడ చాలా చోట్ల కాల్చదగిన పొట్టేలుకు మూడు గుర్తుల్లో ఒకటైనా ఉండాలి. పక్కనుంచి చూస్తే కొమ్ము పూర్తి చుట్టు తిరిగి ఉండాలి, లేదా రెండు కొమ్ముల కొసలూ విరిగి ఉండాలి, లేదంటే ఎనిమిదేళ్ల వయసు ఉండాలి. ఆ వయసు కూడా కొమ్ము మీదే రాసి ఉంటుంది. చలికాలంలో కొమ్ము ఎదగడం ఆగుతుంది, మంచు కరిగాక మళ్లీ మొదలవుతుంది. ఆగిన చోటల్లా ఒక గీత. చిన్నప్పటి గీతలు ఎడంగా పడతాయి. వయసు మీదపడే కొద్దీ ఎదుగుదల తగ్గి, ఆఖరి గీతలు కొమ్ము మొదట్లో, తల వెంట్రుకల దగ్గర, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి. ఎనిమిదో గీత వెతకాల్సింది ఆ ఇరుకులోనే. లెక్క తప్పి చిన్నదాన్ని పడగొడితే కొమ్ములు ప్రభుత్వపరం, పైన శిక్ష.

ఈ లెక్కను కిలోమీటరు అవతలినుంచి తేల్చే పనిముట్టే స్పాటింగ్ స్కోప్. బైనాక్యులర్స్ పది రెట్లు పెంచి చూపిస్తే ఇది ఇరవై నుంచి అరవై రెట్లు చూపిస్తుంది. చేత్తో పట్టుకుంటే బొమ్మ నిలవదు కాబట్టి ట్రైపాడ్ తప్పనిసరి. పేరున్న కంపెనీల సరుకైతే రెండు వేల డాలర్ల నుంచి నాలుగు వేల పైదాకా పలుకుతుంది. అలాస్కాలోని బ్రూక్స్ పర్వతాల్లోకి వెళ్లేవాళ్లను చిన్న విమానం ఏ నది ఒడ్డు గులకరాళ్ల మీదో దింపి వెళ్లిపోతుంది. ఆ పైన డేరా, తిండి, తుపాకీ అన్నీ వీపు మీదే. బరువు తగ్గుతుందని పళ్లు తోముకునే బ్రష్షు పిడిని సగానికి కోసేసే మనుషులు వీళ్లు. అలాంటివాళ్లు రెండు కిలోల గాజును ఇష్టపడి ఎందుకు మోస్తారన్నది తెలియాలంటే ఆ గాజు కథ మొదటినుంచీ చూడాలి. అది చాలావరకు రంగుతో జరిగిన పోట్లాట.

1608లో నెదర్లాండ్స్‌లో హాన్స్ లిపర్‌షే అనే కళ్లద్దాల పనివాడు దూరదర్శినికి పేటెంటు అడిగాడు, రాలేదు. మరుసటి ఏడాదే గెలీలియో సొంతంగా ఒకటి చేసుకుని ఆకాశం వైపు తిప్పాడు. అప్పటి గొట్టాలన్నిటిదీ ఒకటే జబ్బు. గాజు నీలాన్ని ఎరుపుకన్నా ఎక్కువ వంచుతుంది, అందుకని అన్ని రంగులూ ఒకే చోట కలవవు. ఏ వస్తువును చూసినా దాని అంచున ఊదా, ఎరుపు చారలు వేలాడుతుంటాయి. కటకం వంపు తగ్గించి గొట్టాన్ని పొడవుగా చేస్తే ఈ బాధ తగ్గుతుందని కనిపెట్టారు. అలా పెంచుకుంటూ పోయి, 1673 నాటికి డాన్‌జిగ్‌లో హెవీలియస్ అనే ఖగోళవేత్త వాడింది దాదాపు 45 మీటర్ల పొడవుంది. స్తంభానికి తాళ్లతో వేలాడదీసిన ఆ వస్తువుతో నక్షత్రాలు చూడొచ్చేమో గాని గొర్రెల వెంట పడలేం. గాజుతో ఈ రంగు పోదని తేల్చేసి న్యూటన్ అద్దాల దూరదర్శిని వైపు వెళ్లిపోయాడు. అంత పెద్దమనిషి కాదన్నాక మిగతావాళ్లు చాలాకాలం ఆ జోలికే పోలేదు.

ఆ మాటను కాదన్నవాడు చెస్టర్ మూర్ హాల్ అనే ఇంగ్లీషు వకీలు. 1730ల్లో, రంగులను వేర్వేరు మోతాదుల్లో విడదీసే రెండు రకాల గాజులు, క్రౌన్, ఫ్లింట్, జతచేసి ఒకదాని తప్పును రెండోదానితో కొట్టేయించాడు. పేటెంటు మాత్రం 1758లో జాన్ డాలండ్ పేర వచ్చింది. జాన్ పోయాక కొడుకు పీటర్ ఆ కాగితం పట్టుకుని తోటి లండన్ పనివాళ్లను కోర్టుకీడ్చాడు. ఏమైతేనేం, మీటరుకు అటూఇటుగా ఉండి, ఒకదాంట్లోకి ఒకటి దూరే ఇత్తడి గొట్టాల దూరదర్శిని వచ్చింది. ఇక దాన్ని కొండెక్కించొచ్చు.

కొండెక్కించినవాళ్లలో నాకు ముచ్చటగా అనిపించేది స్కాట్లండ్ హైలాండ్స్ వేటగాళ్లు. ఎర్ర జింకల కోసం పచ్చిక గుట్ట మీద వెల్లకిలా పడుకుని, పొడవాటి గొట్టాన్ని కర్రకో మోకాలికో ఆనించి గంటల తరబడి ఎదుటి కొండ దువ్వేవాళ్లు. ట్రైపాడ్ లేదు, ఒళ్లే ట్రైపాడ్. 1900లో దక్షిణాఫ్రికాలోని బోయర్ యుద్ధానికి లార్డ్ లోవాట్ ఈ మనుషులనే పోగేసి లోవాట్ స్కౌట్స్ దళాన్ని కట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ వాళ్ల గొట్టాలు ఫ్రాన్స్ కందకాల మీదుగా శత్రువు కదలికలు చూశాయి. ముందు కూర్చుని గాజులోంచి చూడు, కాళ్లు తర్వాత కదుపు అన్న వాళ్ల పద్ధతే ఈనాటి కొండ వేటగాడిదీ.

గొట్టాన్ని పొట్టిగా చేసింది పట్టకం. తలకిందులైన బొమ్మను నిలబెట్టడానికి లోపల ఇంకో కటకాల వరస పెడితే పొడవు పెరుగుతుంది. 1854లో ఇటలీకి చెందిన ఇగ్నాజియో పోరో వెలుగును పట్టకాల్లో మలుపులు తిప్పి ఆ పని చేయించాడు. తర్వాతి గండం గాజు ఉపరితలం. పూత లేని ప్రతి గాజు ముఖమూ నూటికి నాలుగు వంతుల వెలుగును వెనక్కి కొడుతుంది. అలాంటి ముఖాలు పది ఉంటే మూడో వంతు వెలుగు దారిలోనే పోయినట్టు. 1935లో జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకూలా కనిపెట్టిన పలచని పూత ఈ నష్టాన్ని బాగా తగ్గించింది.

రంగు మాత్రం పూర్తిగా వదల్లేదు. రెండు గాజులు కలిపినా ఊదా చార సన్నగా మిగిలేది, ఇరవై రెట్ల దగ్గర కనబడనిది అరవై రెట్ల దగ్గర కొట్టొచ్చినట్టు కనబడేది. దానికి మందు 1880ల్లోనే జర్మనీలోని యేనాలో ఎర్న్‌స్ట్ అబే చేతికి చిక్కింది. ఫ్లోరైట్, అంటే కాల్షియం ఫ్లోరైడ్ స్ఫటికం. రంగులను అతి తక్కువగా విడదీసే పదార్థాల్లో అదొకటి. కొండల్లో దొరికే మచ్చలేని ముక్కలు మైక్రోస్కోపు కటకాలకు సరిపోయాయి, అరచేతి వెడల్పు కటకానికి చాలలేదు. స్ఫటికాన్ని కొలిమిలో పెంచడం చేతనయ్యాకే పెద్దవి వీలయ్యాయి. 1969లో కెనాన్ కెమెరా లెన్సులో దాన్ని వాడింది. జపాన్‌కే చెందిన కోవా తన ఖరీదైన స్కోపుల్లో ఇప్పటికీ అసలు ఫ్లోరైట్‌నే వాడుతుంది. ఆస్ట్రియాలోని స్వరోవ్‌స్కీ వంటివాళ్లు ఫ్లోరైడ్ కలిపిన గాజుతో దాదాపు అదే పని చేయిస్తారు. కొనేవాడు ఇచ్చే డబ్బులో పెద్ద వాటా దీనికే. అరవై రెట్లు అని పెట్టె మీద అచ్చేసిన స్కోపు మూడు వందల డాలర్లకూ దొరుకుతుంది. అందులో పొట్టేలు పెద్దగానే కనబడుతుంది, గీతలు మాత్రం పాలలో కలిసిపోతాయి.

ఇక లెక్కలోకి వద్దాం. రెండు గీతలను విడివిడిగా చూపే శక్తికి హద్దు ముందు కటకం వెడల్పు. ఎంత మంచి గాజైనా 85 మిల్లీమీటర్ల కటకం కిలోమీటరున్నర దూరంలో ఒక సెంటీమీటరు ఎడాన్ని విడదీయగలదు, 56 మిల్లీమీటర్లదైతే సెంటీమీటరున్నర. మొదటిదాని బరువు రెండు కిలోలకు దగ్గర, రెండోది కిలోలోపు. ముసలి పొట్టేలు ఆఖరి గీతల ఎడం ఒక్కోసారి అంతకన్నా తక్కువే. అంటే అంత దూరంనుంచి పెద్ద స్కోపు కూడా ప్రమాణం చేసి చెప్పలేదు. ఐదు వందల మీటర్లకు చేరితే చిన్న స్కోపే అర సెంటీమీటరును విడదీస్తుంది. కాబట్టి వీపు మీద మోసేవాడికి 55, 65 మధ్య కటకమే సరైనదని నా అభిప్రాయం. దూరంనుంచి మందలో పెద్దదేదో పట్టుకోవడం దాని పని, మిగతా పని కాళ్లది.

పెద్ద కటకం సంజెవెలుగులో బాగా చూపిస్తుందన్నది నిజమే. అరవై రెట్ల దగ్గర 85 కటకంనుంచి కంటికి చేరే వెలుగు కడ్డీ 1.4 మిల్లీమీటర్లుంటే 65 నుంచి వచ్చేది 1.1 కూడా ఉండదు. నవంబరులో రాకీ పర్వతాల జింకల కోసం చీకట్లో కాచుకునేవాడికి ఈ తేడా విలువైనది. డాల్ గొర్రెల వేట కాలం ఆగస్టు 10న మొదలవుతుంది. ఆ రోజుల్లో అంత ఉత్తరాన రాత్రి పదికీ వెలుగుంటుంది, ఈ వాదనకు అక్కడ పెద్ద బలం లేదు.

కొనేముందు దుకాణం అద్దం లోపలినుంచి చూడకూడదు, బయటికి తేవాలి. తెల్లటి ఆకాశం మీద నల్లగా కనబడే కరెంటు తీగను ఎంచుకుని, జూమ్ చివరిదాకా తిప్పి, ఫోకస్ మీటను అటూఇటూ ఆడించాలి. మంచి గాజులో తీగ ఒకే ఒక్క చోట ఠక్కున తేరుకుంటుంది. అక్కడా ఇక్కడా కూడా బాగానే ఉందే అనిపిస్తే ఆ ముక్కను పక్కన పెట్టేయడమే. తీగకు ఒక పక్క ఊదా, రెండో పక్క ఆకుపచ్చ కనబడ్డా అంతే. ఒకే మోడల్లో రెండు పీసులకు తేడా ఉంటుంది, అందుకని రెండూ పెట్టి చూడటం మంచిది. కళ్లద్దాలవాళ్లు అవి తీయకుండా బొమ్మ అంచుదాకా కనబడుతోందో లేదో చూసుకోవాలి. ఆ పైన ట్రైపాడ్. నాలుగు వేల డాలర్ల గాజును గాలికి వణికే కాళ్ల మీద పెట్టేవాళ్లున్నారు, వాళ్లు కొన్నది సగం స్కోపే.

మన దగ్గర ఈ వేట లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని 1991 సవరణ ఆ తలుపు మూసేశాయి. అయినా ఇదే స్కోపు పులికాట్ ఒడ్డునా నేలపట్టు చెరువు గట్టునా కనబడుతుంది. ఫ్లెమింగోలను, గూడబాతులను లెక్కపెట్టేవాళ్లకూ, పక్షి కాలి రింగు మీద అంకెలు చదవాలనుకునేవాళ్లకూ అది కావాలి. కారు దిగి నాలుగడుగులు వేసేవాడికి బరువుతో పేచీ లేదు కాబట్టి వాళ్లు నిరభ్యంతరంగా 85, 95 కొనుక్కోవచ్చు. పేచీ ఎండతో. పొద్దెక్కి ఉప్పు నేల వేడెక్కితే గాలి ఎండమావై ఊగుతుంది. అప్పుడు ఏ ఫ్లోరైటూ అక్కరకు రాదు, కటకం పెద్దదయ్యే కొద్దీ ఆ ఊపు ఇంకా బాగా కనబడుతుంది. జూమ్ ముప్పైకి దించి పక్షులను లెక్కపెట్టుకోవాలి, అంకెలు చదివే పనిని మర్నాటి తెల్లవారుజాముకు పెట్టుకోవాలి.